సుభద్ర నిద్రపోయిందట!

ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌ను 1967లో నిలబెట్టిన శాస్త్రజ్ఞుని పేరు పెట్టుకున్న కాలనీ మాది – ఏ.ఎస్. రావు నగర్. ఇక్కడ ఇటీవల తల్లిదండ్రుల సభ ఒకటి జరిగితే వెళ్లాను. వక్త మహాశయుడు అభిమన్యుని కథ ఎత్తుకున్నాడు. పద్మవ్యూహం నుంచి వెలికివచ్చే ఉపాయం చెబుతూండగా సుభద్ర నిద్రపోయిందట, కొడుకు చచ్చాడట. అలాగే కడుపుతో ఉన్న తల్లి దిగులుపడితే ఆ దోషం పదహారేళ్ల బిడ్డ మనసులో బయటపడుతుందట!

నా పక్కనున్న స్త్రీ తల వంచుకుంది. ఆమెను నేనెరుగుదును. నెలలు నిండేదాకా ఒక ప్రైవేటు బడిలో నిలబడి పాఠాలు చెప్పింది. సెలవడిగితే ఉద్యోగమే పోయింది.

దిగులుకు ఫలితం లేదని నేననను. ఇంగ్లండులో బ్రిస్టల్ ప్రాంతాన 1991–92లో పుట్టిన వేలాది పిల్లలను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. గర్భకాలంలో మిక్కిలి ఆందోళన పడిన తల్లుల పిల్లల్లో, 13వ ఏట మానసిక రుగ్మతల అవకాశం దాదాపు రెట్టింపుగా కనిపించింది. కాని ఆ పిల్లల్లో సైతం నూటికి ఎనభైమందికి పైగా అట్టి రుగ్మత లేదు! సంబంధం వేరు, తలరాత వేరు. వక్త మొదటిది చెప్పి రెండోది మింగాడు.

పైగా, ఆ దిగులు ఎక్కడినుంచి వచ్చింది? 1944–45 చలికాలంలో నాజీ సైన్యం ఆహారాన్ని అడ్డగించగా హాలెండులో కరువు వచ్చింది. ఆనాడు గర్భస్థులైనవారిలో తరువాత కొన్ని తీవ్ర మానసిక వ్యాధులు హెచ్చుగా కనిపించాయి. నేరం పస్తులున్న తల్లిదా, తిండి ఆపినవాడిదా?

మనకు ప్రసూతి చట్టం 1961లో వచ్చింది. 2017 సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవును 12 వారాల నుంచి 26కు పెంచింది. ఇళ్లలో అంట్లు తోమే స్త్రీకి అది అందలేదు. ఆమెతో “ప్రశాంతంగా ఉండమ్మా” అనడం వైద్యం కాదు, వెక్కిరింత.

పదహారేళ్ల కుర్రవాణ్ణి వ్యూహంలోకి పంపిన పెద్దలను గాని, ఒంటరిగా చిక్కినవాణ్ణి చుట్టుముట్టి చంపిన మహారథులను గాని మన వక్త పల్లెత్తు మాట అనలేదు. నేటి వ్యూహం ర్యాంకులది, అప్పు చేసి కట్టిన ఫీజులది. అందులోంచి బిడ్డను బయటికి తేవడం ఇప్పటికీ మన చేతుల్లోని పనే.

ఉపాధ్యాయ మిత్రులారా! మీ బడిలో గర్భవతికి జీతంతో సెలవు ఉన్నదా? ముందు అది అడగండి. సుభద్ర నిద్ర సంగతి తరువాత చూద్దాం.