ఎక్కడికి వెళ్లొచ్చావు?

మా చెల్లెలి కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కిందటేడు దసరా సెలవులకు నలుగురు స్నేహితులతో కలిసి మారేడుమిల్లి వెళ్లాడు. వాగు ఒడ్డున గుడారం, రాత్రికి బొంగులో చికెన్, తెల్లారకముందే లేచి కొండెక్కడం. సోమవారానికల్లా ఆఫీసులో ఉన్నాడు. ఫోన్లో ఫొటోలు చూపించి, "ఈసారి నువ్వూ రా మావయ్యా" అన్నాడు.

తిరిగొచ్చిన పదకొండో రోజున జ్వరం పట్టుకుంది. ఇంటి దగ్గర క్లినిక్‌లో వైరల్ అని పారాసెటమాల్ ఇచ్చారు. మూడో రోజున ఇంకో ఆస్పత్రిలో డెంగీ పరీక్ష చేస్తే లేదని వచ్చింది. టైఫాయిడ్ కావచ్చని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆరో రోజుకి ఆయాసం వచ్చేసింది. మా చెల్లెలు ఏడుస్తూ ఫోన్ చేసింది.

తెలిసిన పెద్ద డాక్టరు ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. రిపోర్టుల కట్ట పక్కన పెట్టి ఆయన వాణ్ని అడిగిన మొదటి మాట: "ఈ నెలలో ఎక్కడికైనా వెళ్లొచ్చావా బాబూ?" మారేడుమిల్లి పేరు వినగానే చొక్కా విప్పమన్నారు. చంకలు చూశారు, మెడ వెనక చూశారు. బెల్టు వదులు చేయించి నడుం వెనక టార్చి వేశారు. అక్కడుంది, కందిగింజంత నల్లటి పక్కు, దాని చుట్టూ ఎర్రటి వలయం. సిగరెట్‌తో కాల్చినట్టుంది. నొప్పీ దురదా లేకపోవడంతో అది ఉన్నట్టు వాడికే తెలియదు.

అది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే, నల్లిని పోలిన కంటికి ఆనని పురుగు కుడితే వచ్చే జ్వరం. టైఫాయిడ్‌కి ఇచ్చే ఇంజెక్షన్లకు అది లొంగదు. దాని మందు డాక్సీసైక్లిన్, ఏ ఊళ్లోనైనా దొరికే చవకైన పాత మందు. మొదలుపెట్టిన రెండో రోజుకే జ్వరం దిగింది. ఒక్క ప్రశ్న ఎవరూ అడగక ఆరు రోజులు పోయాయి. ఇంకో రెండు రోజులు పోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది.

అడవికి, వాగులకు వెళ్లే పిల్లలకు మనం చెప్పే జాగ్రత్తలన్నీ అక్కడ జరిగే ప్రమాదాల గురించే. చెప్పాలి కూడా. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గరి జలతరంగిణి జలపాతం ముగ్గురు వైద్య విద్యార్థుల్ని పొట్టన పెట్టుకుంది. పైన కొండల్లో వాన పడితే, కింద ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది. ఆ ప్రమాదం కళ్లెదుట జరుగుతుంది, మర్నాడు పేపర్లో వస్తుంది. జ్వరం అలా కాదు. అది మనతోపాటు బస్సెక్కి ఇంటికొచ్చి, వారం పది రోజులు ఊరుకుని, ఆ ప్రయాణం సంగతి మనం మరిచిపోయాక లేస్తుంది.

దీనికి ప్రపంచం చూసిన పెద్ద ఉదాహరణ ఒకటుంది. 2000లో బోర్నియో దీవిలో, మలేసియాకు చెందిన సబా రాష్ట్రంలో ఎకో ఛాలెంజ్ అనే సాహస పోటీ జరిగింది. 26 దేశాల నుంచి 304 మంది వచ్చారు. అడవుల్లో నడిచారు, గుహల్లో దూరారు, సెగామా నదిలో ఈదారు. అందరూ కండపుష్టి ఉన్న ఆటగాళ్లే. పోటీ ముగిసి ఎవరిళ్లకు వాళ్లు చేరాక జ్వరాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరు ఒక్కో దేశంలో, ఒక్కో ఆస్పత్రిలో. ఏ డాక్టరుకైనా ఎదురుగా కనిపించేది ఒక్క రోగే. వీళ్లంతా ఒకే నదిలో మునిగొచ్చారని తెలిశాకే గుట్టు వీడింది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ వాళ్లు 189 మందిని వాకబు చేస్తే 80 మందిలో లెప్టోస్పైరోసిస్ లక్షణాలు తేలాయి. వాళ్లలో 29 మంది ఆస్పత్రిలో చేరారు. అదృష్టవశాత్తూ ఎవరూ పోలేదు. ఈదుతూ మింగిన నది నీళ్లే ముఖ్య కారణం. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీటితో వచ్చే జబ్బు అది. మన వరి చేలల్లో కూలీలకు సోకే ఎలుక జ్వరం కూడా అదే.

ఇక మలేరియా. మా నాన్న తరంలో ఏజెన్సీకి బదిలీ అంటే ఉద్యోగులు వణికిపోయేవారు, మన్యం జ్వరం వస్తుందని. ఇప్పుడు రోడ్లు పడ్డాయి, రిసార్టులు వచ్చాయి, వంజంగి మబ్బులు చూడటానికి జనం అర్ధరాత్రే బయల్దేరుతున్నారు. భయం పోయింది కానీ దోమ పోలేదు. కుట్టిన వారం, రెండు వారాలకు ఫాల్సిపారం మలేరియా బయటపడుతుంది. ఆలస్యమైతే మెదడుకి ఎక్కుతుంది. వైవాక్స్ రకమైతే కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా లేస్తుంది. ఏజెన్సీ గూడెంలో ఎవరికైనా ఒళ్లు కాలితే ఆశా కార్యకర్త వేలి కొసన గుచ్చి, కిట్‌మీద ఒక రక్తపు చుక్క వేసి, ఇరవై నిమిషాల్లో తేల్చేస్తుంది. అక్కడి పెద్దవాళ్ల ఒంట్లో చిన్నప్పటి నుంచి పడ్డ జ్వరాల వల్ల కాస్త తట్టుకునే శక్తయినా ఉంటుంది. అది కూడా లేని మన పిల్లలు నగరంలో నాలుగు రోజులు పారాసెటమాల్ మింగుతూ కూర్చుంటున్నారు.

విదేశాలకు వెళ్లేవాళ్లదీ ఇదే కథ. ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా దేశాలకు వెళ్లేవాళ్లు పది రోజుల ముందే టీకా వేయించుకుంటారు, ఎయిర్‌పోర్టులో కార్డు అడుగుతారు కాబట్టి. మలేరియా మాత్రల సంగతి అడిగేవాళ్లు లేరు, అందుకే సఫారీకి వెళ్లేవాళ్లు వాటిని మరిచిపోతారు. వేసుకున్నా విమానం దిగగానే మానేస్తారు. మందును బట్టి, తిరిగొచ్చాక కూడా ఒక వారం నుంచి నాలుగు వారాల దాకా వేసుకోవాలి.

డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. జ్వరంతో వచ్చినవాణ్ని ఏం తిన్నావని అడిగినట్టే, ఎక్కడికి వెళ్లొచ్చావని అడగండి. ఓపీ చీటీ మీద ఆ ఒక్క గడి అచ్చు వేయించండి. ఏజెన్సీకి బస్సులు నడిపేవాళ్లు, గుడారాలు అద్దెకిచ్చేవాళ్లు టికెట్ మీద రెండు వాక్యాలు రాయండి: నెలలోపు జ్వరం వస్తే ఈ ఊరి పేరు డాక్టరుకు చెప్పండి, మలేరియా పరీక్ష అడగండి. వెళ్లే పిల్లలూ, నిండు చేతుల చొక్కా, దోమతెర బరువు కావు. వాగులో దిగితే నీళ్లు మింగొద్దు. గడ్డిలో పడుకుంటే ఇంటికొచ్చి స్నానం చేసి ఒళ్లంతా చూసుకోండి. ఇది చదివి ఎవరికి వారు మందులు కొనుక్కోవద్దు. డాక్టరు అడక్కపోతే మీరే చెప్పండి.

మొన్న మా మేనల్లుడు మళ్లీ బయల్దేరాడు, లంబసింగికి. వద్దనలేదు నేను. ఆ వయసులో కొండలెక్కకపోతే ఇంకెప్పుడు ఎక్కుతాడు? వెళ్లేముందు పర్సు తెరిచి ఒక చీటీ చూపించాడు. ఊరి పేరు, వెళ్లే తేదీ, వచ్చే తేదీ రాసుకున్నాడు. "తిరిగొచ్చాక నెల దాకా దీన్ని తియ్యను మావయ్యా" అన్నాడు. మా చెల్లెలు ఆ చీటీ తీసుకుని, అందులో ఉన్నదంతా వంటింటి క్యాలెండర్ మీద కూడా రాసుకుంది.