35 డిగ్రీల ఫోన్, 45 డిగ్రీల బెజవాడ

కొత్త ఫోన్ బాక్స్‌లో ఒక చిన్న బుక్‌లెట్ వస్తుంది కదా, మనం ఎవ్వరం తెరవకుండా మళ్ళీ బాక్స్‌లోనే పెట్టేసేది. ఫోన్‌ని ఎంత వేడిలో వాడొచ్చో చెప్పే లైను చాలావరకు అలాంటి చోటే ఉంటుంది, లేదంటే కంపెనీ సపోర్ట్ పేజీలో ఏ మూలో ఉంటుంది. యాపిల్ తన ఐఫోన్ల గురించి చెప్పేది: చుట్టూ ఉన్న గాలి 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. శాంసంగ్ చెప్పే రేంజ్ కూడా అదే.

నేను కాలేజీ రోజుల నుంచి ఫోన్ల పిచ్చోణ్ణి. ప్రాసెసర్ పేరు చెప్తే బెంచ్‌మార్క్ స్కోరు చెప్పగలను. అలాంటి నేను ఆ 35 అనే అంకె మొదటిసారి చదివింది లాస్ వేగాస్‌లో ఒక హోటల్ రూంలో, రాత్రి పదకొండింటికి. అప్పటికి మా ఆవిడ నాతో మాట్లాడి నాలుగు గంటలైంది.

ఎందుకో చెప్తా. అసలు నా వాదన కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

"మాది బెజవాడ, మాకు ఎండేంటి"

2024లో ఆన్‌సైట్ పని మీద ఆరు నెలలు అమెరికాలో ఉన్నా, అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో. ఎండకి పేరుమోసిన ఊరు. అంతకు ముందు ఏడాది, 2023లో, అక్కడ వరసగా 31 రోజులు పగటి వేడి 43 డిగ్రీలకి తగ్గలేదు. మా ఆవిడ కూడా నాతో వచ్చింది. తనది అవనిగడ్డ పక్కన పల్లెటూరు. పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి చేసిన మొదటి లాంగ్ డ్రైవ్ ఇదే: జూన్ ఆఖరి వీకెండ్, ఫీనిక్స్ నుంచి లాస్ వేగాస్, అక్కడి నుంచి డెత్ వ్యాలీ.

ఆఫీసులో అందరూ వద్దన్నారు. డెత్ వ్యాలీకి చలికాలం వెళ్తారు గానీ జూన్‌లో ఎవరు వెళ్తారు అని. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊరి వాళ్ళం, మాకేంటి అని నేను నవ్వేశా. మన ఊరికి బ్లేజ్‌వాడ అని ఇంకో పేరుందని కూడా గొప్పగా చెప్పుకున్నా.

దారి బాగుంది. హూవర్ డ్యామ్ దగ్గర ఆగాం. వెనక లేక్ మీడ్‌లో నీళ్ళు దిగిపోయి, కొండ రాళ్ళ మీద తెల్లటి చార ఎత్తుగా కనిపిస్తోంది. డెల్టా పిల్ల కదా, మా ఆవిడ డ్యామ్ కన్నా ఆ చారనే ఎక్కువసేపు చూసింది. "కాలవలకి నీళ్ళు వదలకపోతే మా నాన్న మొహం ఇలాగే ఉంటది" అంది.

రెండో రోజు పొద్దున వేగాస్ నుంచి బయల్దేరి పారంప్ మీదుగా డెత్ వ్యాలీలోకి దిగాం. ఫర్నేస్ క్రీక్ విజిటర్ సెంటర్ బయట పెద్ద డిజిటల్ థర్మామీటర్ ఉంటుంది, అందరూ దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతారు. మేమూ దిగాం. 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైంది ఇక్కడే. ప్రపంచ రికార్డుగా చెప్పుకునే అంకె అది. నేను ఫోటోలు తీస్తుంటే మా ఆవిడ లోపలికెళ్ళి కాగితం మ్యాప్ ఒకటి తెచ్చుకుంది. "2024లో కాగితమా!" అని నవ్వా. ఆ నవ్వు తను మర్చిపోలేదు.

ఫోన్ ఆగిపోయిన చోటు

బ్యాడ్‌వాటర్ అనే చోటు సముద్ర మట్టానికి 86 మీటర్లు కింద ఉంటుంది. కనుచూపు మేర తెల్లటి ఉప్పు, చినగంజాం ఉప్పు మడులు గుర్తొచ్చాయి. పది నిమిషాలు నడిచి కారెక్కేశాం. కారు మీటర్‌లో 120 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 49 డిగ్రీలు.

ఇప్పుడు నా ఫోన్ పరిస్థితి చూడండి. ముందు అద్దానికి అంటించిన మౌంట్‌లో ఉంది, నేరుగా ఎండ పడుతోంది. స్క్రీన్ బ్రైట్‌నెస్ ఫుల్. ఛార్జర్ పెట్టి ఉంది. నావిగేషన్ నడుస్తోంది. పైగా సిగ్నల్ లేదు కాబట్టి మోడెమ్ పూర్తి పవర్‌తో టవర్ కోసం వెతుకుతూనే ఉంది. ఒక ఫోన్‌ని ఎన్ని రకాలుగా వేడెక్కించొచ్చో అన్నీ ఒకేసారి చేశా, బీటెక్ చదివి మరీ.

మొదట ఛార్జింగ్ ఆగింది. తర్వాత స్క్రీన్ మసకబారింది. కాసేపటికి టెంపరేచర్ వార్నింగ్ వచ్చి అంతా నల్లగా అయిపోయింది. పావుగంట కూడా పట్టలేదు.

మా ఆవిడ ఫోన్ హ్యాండ్‌బ్యాగ్‌లో నీడన ఉంది కాబట్టి బాగానే ఉంది. కానీ ఆఫ్‌లైన్ మ్యాప్ నా ఫోన్‌లో మాత్రమే డౌన్‌లోడ్ చేశా. తన ఫోన్‌లో ఒక ఖాళీ తెర, మధ్యలో నీలం చుక్క. జీపీఎస్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు, మనం ఎక్కడున్నామో అది చెప్తూనే ఉంటుంది. ఆ చుక్క చుట్టూ ఏముందో చెప్పే మ్యాపే లేదు.

ఆగిపోయే ముందు యాప్ ఒక దగ్గరి దారి చూపించింది, ఎడమ వైపు మట్టి రోడ్డు. టైం కలిసొస్తుంది, వెళ్దాం అన్నా. మా ఆవిడ కాగితం మ్యాప్ ఒళ్ళో పరిచి, "తారు రోడ్డు దిగితే నేను కారు దిగిపోతా" అంది. గొడవైంది. మాటా మాటా పెరిగింది. చివరికి వచ్చిన దారినే వెనక్కి వచ్చాం, కాగితం చూసుకుంటూ, మాటల్లేకుండా.

ఎవరిది తప్పో తేలడానికి వారం పట్టింది. జులై 6న, మేం తిరిగిన ఆ బ్యాడ్‌వాటర్ దగ్గరే, బైకుల మీద వచ్చిన ఒక బృందం ఎండ దెబ్బకి పడిపోయింది. ఒకాయన చనిపోయాడు. ఆ రోజు 53 డిగ్రీలు. అంత వేడిలో గాలి పల్చబడి, సాయానికి రావాల్సిన హెలికాప్టర్ కూడా రాలేకపోయింది. ఆ వార్త చదివాక పార్కు వెబ్‌సైట్ తెరిచా. మారుమూల చోట్లకి జీపీఎస్ నావిగేషన్‌ని నమ్ముకోవద్దని అందులో స్పష్టంగా రాసి ఉంది. మట్టి రోడ్డు మీద కారు ఆగిపోయి ఉంటే అనుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

మన ఊళ్ళో మాత్రం?

ఇదంతా అమెరికా ఎడారి కథ, మనకేంటి అంటారా? ఆగస్టు ఆఖర్లో ఇంటికొచ్చేశాం. తర్వాతి మే నెలలో ఒక మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నా పక్కన ఒక డెలివరీ అబ్బాయి ఆగాడు. బైక్ హ్యాండిల్ మీద ఫోన్, దాని మీద తడి కర్చీఫ్. ఎందుకని అడిగా. "ఎండకి ఆగిపోద్దన్నా. ఆగిందంటే ఆర్డర్ పోద్ది, రేటింగ్ పోద్ది" అన్నాడు.

నాకు ఏడాదికి ఒక్క రోజు టూరిస్టుగా జరిగింది, అతనికి ఎండాకాలం అంతా డ్యూటీలో జరుగుతోంది.

ఇక్కడ ఒక టెక్నికల్ పాయింట్ ఉంది. మనిషికి ఫీనిక్స్ ఎండా బెజవాడ ఎండా ఒకటి కావు. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, చెమట వెంటనే ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. మన డెల్టా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, అందుకే తక్కువ టెంపరేచర్‌కే ఎక్కువ ఉక్కపోత. 2015 మే వడగాల్పులకి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా పోయారు. కానీ ఫోన్‌కి చెమట పట్టదు. లోపల పుట్టిన వేడి బయటి గాలిలోకి పోవాలి, అంతే. గాలే 45 ఉంటే పోయేదెక్కడికి? ఫోన్ లెక్కలో బెజవాడ మే నెలకీ అరిజోనా ఎడారికీ పెద్ద తేడా లేదు.

మరి మనం చదివే, చూసే రివ్యూలు ఎక్కడ జరుగుతున్నాయి? ఏసీ గదిలో. అరగంట గేమ్ ఆడి, ఇన్ని డిగ్రీలు వేడెక్కింది, వేపర్ ఛాంబర్ బాగా పనిచేస్తోంది అంటారు. 25 డిగ్రీల గదిలో ఏ ఛాంబరైనా పనిచేస్తుంది. వేల నిట్స్ బ్రైట్‌నెస్ అని పోస్టర్ మీద వేస్తారు. ఆ వెలుగు అవసరమయ్యేదే ఎండలో. ఎండలో ఫోన్ వేడెక్కగానే మొదట తగ్గించేదీ ఆ వెలుగునే.

కంపెనీల వైపు న్యాయం కూడా చెప్పాలి

వేడెక్కితే ఫోన్ ఆగిపోవడం తప్పు కాదు, ఆగిపోవాలి కూడా. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి శత్రువు. ఫుల్ ఛార్జ్‌లో ఉండి వేడెక్కితే ఇంకా త్వరగా ముసలిదైపోతుంది, మరీ మితిమీరితే ప్రమాదం. యాపిల్ అయితే వేడెక్కినప్పుడు ఏం జరుగుతుందో సపోర్ట్ పేజీలో విడమర్చి చెప్పింది: ఛార్జింగ్ నెమ్మదిస్తుంది లేదా ఆగుతుంది, డిస్‌ప్లే మసకబారుతుంది, సిగ్నల్ బలహీనపడొచ్చు, ఫ్లాష్ పనిచేయదు. నావిగేషన్‌లో ఉంటే స్క్రీన్ ఆర్పేసినా మలుపులు మాటల్లో చెప్తూనే ఉంటుంది. ఇది మంచి డిజైన్. అన్ని కంపెనీలూ నేర్చుకోవాలి.

35 దాటిన క్షణంలోనే ఏ ఫోనూ ఆగిపోదు, అదీ నిజమే. నా కంప్లయింట్ వేరే. ఏ ఫోన్ ఎంతసేపు నిలబడుతుందో కొనేముందు మనకెవరూ చెప్పట్లేదు. మే నెలలో 40 దాటడం మామూలైన ఊళ్ళలో అమ్మే వస్తువుకి, 40లో ఎలా ఉంటుందో చెప్పకపోవడం ఏంటి? కారు కొంటే మైలేజీ అడుగుతాం, ఏసీ కొంటే స్టార్లు చూస్తాం. ఫోన్ కొనేటప్పుడు మాత్రం ఎండ గురించి ఎవరం అడగం.

అందుకే రివ్యూలు చేసే అన్నలకీ అక్కలకీ నా రిక్వెస్ట్. ఎండాకాలంలో వచ్చే ప్రతి ఫోన్‌కీ ఒక్క టెస్ట్ చెయ్యండి. మధ్యాహ్నం ఒంటిగంటకి బైక్ మౌంట్‌లో పెట్టి, డేటా ఆన్ చేసి, నావిగేషన్ పెట్టి, బ్రైట్‌నెస్ ఫుల్ చేసి వదలండి. నాలుగు అంకెలు చెప్తే చాలు: ఎన్నో నిమిషంలో స్క్రీన్ మసకబారింది, ఎన్నో నిమిషంలో ఛార్జింగ్ ఆగింది, నావిగేషన్ ఎప్పుడు పోయింది, నీడలో పెట్టాక కోలుకోవడానికి ఎంతసేపు పట్టింది. ఆ రోజు టెంపరేచర్ కూడా రాయండి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, ఒక టోపీ, ఒక మజ్జిగ ప్యాకెట్ ఉంటే చాలు.

అప్పటిదాకా మనం చేసుకోవాల్సినవి

• మౌంట్‌ని ముందు అద్దం మీద కాకుండా ఏసీ వెంట్ దగ్గర పెట్టండి. ఎండలో నావిగేషన్ నడుస్తుంటే ఛార్జింగ్ పెట్టొద్దు, బయల్దేరే ముందే పెట్టుకోండి.

• ఆఫ్‌లైన్ మ్యాప్ ఇద్దరి ఫోన్లలోనూ డౌన్‌లోడ్ చెయ్యండి. రెండో ఫోన్ స్విచాఫ్ చేసి నీడన ఉంచండి. మేం తప్పింది ఇక్కడే.

• సిగ్నల్ లేని చోట ఎయిర్‌ప్లేన్ మోడ్ వేస్తే టవర్ వెతుకులాట ఆగి వేడి తగ్గుతుంది. జీపీఎస్ చాలా ఫోన్లలో మామూలుగానే పనిచేస్తుంది, ముందే ఒకసారి చెక్ చేసుకోండి.

• వేడెక్కిన ఫోన్‌ని ఫ్రిజ్‌లో, ఐస్ బాక్స్‌లో పెట్టకండి. లోపల తేమ చేరుతుంది. కేస్ తీసి నీడలో వదిలేయండి.

• పార్క్ చేసిన కారులో ఫోన్ వదలొద్దు.

నెట్‌వర్క్ లేకపోవడం ఎడారి సమస్య అని కూడా అనుకోవద్దు. మేం ఇండియా వచ్చి వారం కూడా కాలేదు, 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్ నగర్‌ని ముంచేసింది. కరెంటు లేక, ఛార్జింగ్ లేక, డాబాల మీద నిలబడ్డ వాళ్ళ చేతుల్లో ఎన్ని మెగాపిక్సెళ్ళు ఉంటే ఏం లాభం? ఫోన్ విలువ తెలిసేది అలాంటి రోజునే. స్పెక్ షీట్లన్నీ మంచి రోజు కోసం రాసినవి.

వచ్చే మే నెలలో మా ఇంట్లో ఉన్న మూడు ఫోన్లనీ వరసగా బైక్‌కి తగిలించి, బెంజ్ సర్కిల్ నుంచి కరకట్ట మీదుగా అవనిగడ్డ దాకా వెళ్ళి ఆ నాలుగు అంకెలూ రాసుకొస్తా. మా ఆవిడ వెనక కూర్చుని స్టాప్‌వాచ్ చూస్తానంది, ఒక్క కండిషన్ మీద. దారిలో ఎక్కడ మలుపు తిరగాలో ఆమె చెప్తుంది, నేను వింటాను. ఒప్పేసుకున్నా.