థైరాయిడ్ ఉన్నవారికి నడకే కాదు, నిలకడా కావాలి

“ఒళ్ళు వంచదు, అందుకే లావెక్కిపోతోంది!” థైరాయిడ్ సరిగ్గా పనిచేయని ఇల్లాలు ఇంట్లోవాళ్ళ నోట తరచు వినే మాట ఇది. ఆవిడ మాత్రం పొద్దున్నే లేచి ముగ్గు వేసి, టిఫిను చేసి, క్యారియర్లు కట్టి, బట్టలు ఆరేసి, పదింటికల్లా కాళ్ళు పీకుతుంటే కూలబడుతుంది. కింద కూర్చుంటే లేవడానికి చేత్తో నేల అదిమిపట్టాలి. మెట్లెక్కాలంటే పక్కన ఏదైనా ఆసరా కావాలి. తలమీద నీళ్ళు పోసుకుంటూ కళ్ళు మూసుకుంటే ఒక్కోసారి ఒళ్ళు తూలినట్టవుతుంది. ‘వయసు మీద పడుతోంది కాబోలు’ అనుకుని ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటుంది.

ఇదంతా వయసు వల్లే కాకపోవచ్చు. బద్ధకం అసలే కాకపోవచ్చు. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

థైరాయిడ్ అంటే మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి. అది తయారుచేసే హార్మోను రక్తంలో కలిసి ఒంట్లో అన్ని భాగాలకీ వెళ్ళి, అవి ఎంత వేగంగా పనిచేయాలో నిర్ణయిస్తుంది. పొయ్యి మంట తగ్గిస్తే పప్పు ఉడకడం ఆలస్యమైనట్టే, ఈ హార్మోను తగ్గితే గుండె, పేగులు, మెదడు, కండరాలు అన్నీ నెమ్మదిస్తాయి. చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, నెలసరిలో రక్తస్రావం ఎక్కువ కావడం, మతిమరుపు... ఇవి చాలామందికి తెలిసిన లక్షణాలే. మగవారికన్నా ఆడవారిలో ఈ లోపం ఎన్నో రెట్లు ఎక్కువ. హైదరాబాదుతో సహా మన దేశంలోని 8 నగరాల్లో 5,000 మందికి పైగా పెద్దవారిని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి సుమారు 11 మందికి ఈ లోపం ఉన్నట్టు తేలింది. అంటే మీ వీధిలోనూ కొంతమంది ఉండే ఉంటారు.

కండరాలకు ఏమవుతుంది?

హార్మోను తగ్గితే కండరాలు శక్తిని సరిగ్గా వాడుకోలేవు. ముఖ్యంగా తొడలు, తుంటి, భుజాల దగ్గరుండే పెద్ద కండరాలు బలహీనపడతాయి. అందుకే నేలమీంచి లేవడం, మెట్లెక్కడం, పై అరలోంచి డబ్బా దించడం కష్టమవుతుంది. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తాయి. బిగిసిన కండరం తిరిగి వదులు కావడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పడుతుంది. డాక్టరుగారు మడమ వెనుక నరం మీద చిన్న సుత్తితో తట్టి చూసినప్పుడు పాదం చటుక్కున కదిలి, తాపీగా వెనక్కి రావడం అందువల్లే.

ఈ సంగతి తెలియక చాలామంది ఏం చేస్తారంటే, ఎవరో ఏదో అన్నారని పౌరుషం కొద్దీ మొదటి రోజే గంటసేపు నడిచేస్తారు. మూడో రోజుకి మోకాళ్ళు, పిక్కలు పట్టేసి మంచమెక్కుతారు. ‘నావల్ల కాదు’ అని మానేస్తారు. ఇందులో లోపం పట్టుదలది కాదండీ, మొదలుపెట్టిన పద్ధతిది.

తూలు ఎందుకు వస్తుంది?

మనం పడిపోకుండా నిలబడాలంటే మూడు చోట్ల నుంచి మెదడుకి కబురు అందాలి. ఒకటి కళ్ళు, రెండు లోపలి చెవి, మూడు పాదాలు, కీళ్ళు. ఆ మూడింటినీ సరిచూసుకుని, ఏ కండరం ఎంత బిగించాలో చిన్నమెదడు చూసుకుంటుంది. థైరాయిడ్ లోపాన్ని చాలాకాలం పట్టించుకోకపోతే పాదాల నరాలు దెబ్బతిని తిమ్మిర్లు రావచ్చు. కండరాలు వెంటనే స్పందించవు. కొద్దిమందిలో చిన్నమెదడు పనే మందగించి నడక తడబడుతుంది. కళ్ళు మూసుకుంటే మూడు ఆసరాల్లో ఒకటి పోయినట్టే కదా! మిగిలినవి బలహీనంగా ఉంటే ఆ లోటు అప్పుడే బయటపడుతుంది. స్నానాల గదిలో తూలడం వెనక ఇది ఉండొచ్చు.

అయితే ప్రతి తూలుకీ థైరాయిడ్ మీద నెపం వేయకండి. రక్తహీనత, షుగరు, చెవి జబ్బులు, రక్తపోటు మాత్రలు కూడా తూలు తెప్పిస్తాయి. విటమిన్ బి12 తక్కువైతే అచ్చం ఇలాగే పాదాలు తిమ్మిరెక్కి నడక తప్పుతుంది. మాంసాహారం తినని వారికి ఈ లోపం వచ్చే అవకాశం ఎక్కువ. థైరాయిడ్ పరీక్ష చేయించుకునేటప్పుడు దీని గురించి కూడా అడగండి.

ముందు మాత్ర, తరువాత వ్యాయామం

‘వ్యాయామం చేస్తున్నానుగా, మాత్ర మానేయొచ్చా?’ అని అడిగేవారు చాలామంది. కూడదు. ఎంత నడిచినా గ్రంథి తయారుచేయలేని హార్మోను పుట్టదు. 1891లో ఇంగ్లండులో జార్జి ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ గ్రంథి నుంచి తీసిన సారాన్ని ఇంజక్షనుగా ఇచ్చి 46 ఏళ్ళ ఒక స్త్రీకి వైద్యం చేశాడు. ఆవిడ ఆ తరువాత 28 ఏళ్ళు బతికింది. లేని హార్మోనును బయటినుంచి ఇస్తే మనిషి తేరుకుంటుందని అప్పుడు రుజువైంది. నేడు మనం వేసుకునే చిన్న మాత్ర చేసేది కూడా అదే పని.

ఆ మాత్ర ఒంటబట్టాలంటే పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట వరకు ఆగాలి. కాఫీ కూడా ఆ తరువాతే. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చిన 6 నుంచి 8 వారాలకు టి.ఎస్.హెచ్. పరీక్ష చేయిస్తే ఆ మోతాదు సరిపోయిందో లేదో తెలుస్తుంది. పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన మర్నాటికే కండరాల్లో బలం రాదు. అందుకు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఓపిక పట్టాలి.

బరువు త్వరగా తగ్గాలని మాత్ర సొంతంగా ఎక్కువ వేసుకోవడం మాత్రం చాలా ప్రమాదం. ఈ లోపం వల్ల నేరుగా పెరిగే బరువు సాధారణంగా 2 నుంచి 5 కిలోలే, అందులో ఎక్కువ భాగం ఉప్పూ నీరూ. మోతాదు మించితే గుండె దడ వస్తుంది, ఎముకలు పలచబడతాయి. ముట్లుడిగిన వారికి ఎముకలు అసలే బలహీనం. ఆపైన కాలు జారితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

వంటింటి గట్టు దగ్గరే వ్యాయామం

జిమ్ముకి వెళ్ళక్కర్లేదు, డబ్బు ఖర్చు అసలే లేదు. పొయ్యి ఆర్పి, కుక్కరు ఆవిరి పోయేదాకా ఎదురుచూస్తాం చూడండి, ఆ సమయం చాలు. పొయ్యి వెలుగుతుండగా మాత్రం చేయకండి. నేల తడి లేకుండా చూసుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పులు లేకుండా నిలబడండి.

1. కుర్చీలోంచి లేవడం: చేతులు లేని కుర్చీని గోడకి ఆనించి వేసుకోండి. చేతి ఆసరా లేకుండా మెల్లగా లేచి, మెల్లగా కూర్చోండి. మొదట 5 సార్లు, తరువాత 10 సార్లు. తొడలకు ఇంతకన్నా మంచి వ్యాయామం లేదు.

2. మడమలు ఎత్తడం: గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, మూడు లెక్కపెట్టి దిగండి. 10 సార్లు.

3. కాలు పక్కకి ఎత్తడం: గట్టు పట్టుకుని, నడుము వంచకుండా ఒక్కో కాలినీ పక్కకి ఎత్తి దించండి. ఒక్కో వైపు 8 సార్లు.

4. ఒంటికాలి మీద నిలబడడం: ముందు రెండు చేతులతో గట్టు పట్టుకోండి. కొన్ని రోజులకు ఒక చెయ్యి, ఆ తరువాత ఒక్క వేలు. పది లెక్కపెట్టేదాకా నిలవగలిగితే మెల్లగా ముప్ఫై వరకు పెంచండి. కళ్ళు తెరిచే ఉంచాలి.

5. అడుగులో అడుగు: గోడ పక్కన ఒక పాదం వేళ్ళకి రెండో పాదం మడమ తగిలేలా పది అడుగులు వేయండి. చెయ్యి గోడకి దగ్గరలో ఉండాలి.

మరీ తూలుగా ఉంటే నాలుగూ అయిదూ ఎవరైనా పక్కనుండగానే చేయండి. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టాలి.

నడక ఎంత?

మొదటి వారం పూటకి పది నిమిషాలు చాలు. వారానికి అయిదేసి నిమిషాలు పెంచుకుంటూ పోతే రెండు నెలలు తిరగకుండా రోజుకి అరగంట నడక మీకే అలవాటైపోతుంది. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే ఆ లెక్క సరిపోతుంది. కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు వారానికి రెండు రోజులైనా ఉండాలంది. 65 ఏళ్ళు దాటినవారికి నిలకడ పెంచేవి మూడు రోజులు కావాలంది. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

‘రోజంతా ఇంటిపని చేస్తూనే ఉన్నాంగా’ అంటారా? అదీ కొంత లెక్కలోకి వస్తుంది. కానీ నిలబడి కూరలు తరిగినంత మాత్రాన తొడలకు బలం రాదు, ఒంటికాలి నిలకడ రాదు.

సర్వాంగాసనం వేస్తే మెడలోకి రక్తం చేరి థైరాయిడ్ నయమవుతుందని చాలామంది నమ్మకం. ఆసనంతో ఈ లోపం నయం కాదు. నిలకడే సరిగ్గా లేనివారు, మెడ నొప్పి, రక్తపోటు ఉన్నవారు కాళ్ళు పైకెత్తి మెడ మీద బరువు మోపడం మంచిది కాదు. ఆసనాలంటే ఇష్టమైతే గోడ పక్కన నిలబడి తాడాసనం, పాదాన్ని పిక్కకి ఆనించి వృక్షాసనం వేయండి.

ఇంట్లో సవరించుకోవలసినవి

నిలకడ వచ్చేదాకా పడకుండా చూసుకోవాలి కదా! స్నానాల గదిలో గోడకి గట్టి పిడి బిగించండి, స్టూలు మీద కూర్చుని స్నానం చేయండి. అరిగిపోయిన హవాయి చెప్పులు పారేయండి. మడతలు పడే పట్టా, నడిచే దారిలో వైర్లు తీసేయండి. రాత్రి లేచేవారు చిన్న లైటు వేసి ఉంచుకోండి. అటక మీది సామాను కోసం స్టూలు ఎక్కే పని ఇంట్లో వేరేవాళ్ళకి అప్పజెప్పండి. కాలింగ్ బెల్ మోగగానే పరుగెత్తకండి, వచ్చినవాళ్ళు ఒక్క నిమిషం ఆగుతారు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

నడుస్తుంటే గుండెల్లో నొప్పి, విపరీతమైన ఆయాసం, దడ వస్తే వెంటనే ఆపి డాక్టరుకి చూపించండి. తిమ్మిర్లు పెరుగుతున్నా, తరచు పడుతున్నా అంతే. ఉన్నట్టుండి తూలడం, మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం జరిగితే అది పక్షవాతం కావచ్చు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంట్లోవాళ్ళకి కూడా ఒక మాట. అమ్మ, అత్తగారు, భార్య... ఎవరైనా సరే ‘నీరసంగా ఉంది’ అంటే ముందు రక్తపరీక్ష చేయించండి, ఆ తరువాతే సలహాలు. సాయంత్రం వంట ఆలస్యమైనా ఫరవాలేదు, ఆ అరగంట ఆవిడతో కలిసి నడవండి.

ఇక మీ సంగతి. ఈ రోజు కుక్కరు దించాక, గట్టు పట్టుకుని ఒంటికాలి మీద ఎన్ని లెక్కపెట్టేదాకా నిలబడగలరో చూడండి. పాల లెక్క రాసే క్యాలెండరు మీదే ఆ అంకె కూడా వేసుకోండి. రెండు నెలల తరువాత మళ్ళీ చూసుకోండి. బరువు చూసే మిషను కన్నా ఆ అంకే మీ ఆరోగ్యం గురించి ఎక్కువ చెబుతుంది.