చట్టం ఎవరిని పట్టుకుంటోంది?

మా చాండ్లర్‌లో శనివారం పాట్‌లక్ భోజనాల దగ్గర ఇళ్ల ధరలు, ఎన్నికలు, పిల్లల కాలేజీలు అన్నీ చర్చకొస్తాయి. వ్యభిచారం మాట వస్తే మాత్రం ఎవరో ఒకరు ‘పిల్లలున్నారు’ అంటూ గొంతు తగ్గిస్తారు. 2018లో షికాగో కేసు బయటపడ్డప్పుడూ అంతే. తెలుగు సినీరంగ మహిళలను విజిటర్ వీసాలపై రప్పించి, తెలుగు సంఘాల వేడుకల పేరు వాడుకుని ఈ దందా నడిపారని ఫెడరల్ అధికారులు ఒక తెలుగు జంటపై కేసు పెట్టారు. మనవాళ్ల ఆరా అంతా ‘ఆ నటీమణులెవరు?’ అన్నదే. వాళ్లు 911కి ఎందుకు ఫోన్ చేయలేకపోయారని అడిగినవారు తక్కువ.

మా అరిజోనాలో అలా ఫోన్ చేస్తే ఏమవుతుందో చూడండి. ఇక్కడి చట్టం ప్రకారం డబ్బుకు శరీరాన్ని అమ్ముకున్న మహిళకు మొదటి నేరానికే కనీసం 15 రోజుల జైలు. నాలుగోసారికి అది ఫెలొనీ, కనీసం 180 రోజులు. ఇక ఇమిగ్రేషన్ చట్టం, గత 10 ఏళ్లలో ఈ వృత్తి చేసినవారికి దేశంలోకి ప్రవేశమే లేదంటుంది. వృత్తి చట్టబద్ధమైన చోట చేసినా ఇదే లెక్క. అలాంటప్పుడు దెబ్బలు తిన్న మనిషి పోలీసుల గడప ఎందుకు తొక్కుతుంది?

‘రక్షిస్తున్నాం’ అన్న పథకం కూడా ఫీనిక్స్‌లో బేడీలతోనే మొదలైంది. 2011లో వచ్చిన ప్రాజెక్ట్ రోజ్‌లో పోలీసులు మహిళలను పట్టుకుని ఒక చర్చికి తీసుకెళ్లి, కౌన్సెలింగ్ ఒప్పుకుంటే కేసు ఉండదనేవారు. పాత కేసులున్నవారికి ఆ అవకాశం లేదు. దాన్ని విమర్శించిన మోనికా జోన్స్ అనే సోషల్ వర్క్ విద్యార్థినిని 2013లో అరెస్టు చేశారు. దారిన పోయేవారితో మాట కలపడం లాంటివాటినే ‘ఉద్దేశం’గా లెక్కగట్టే నగర నిబంధన కింద 2014లో శిక్ష పడింది. 2015లో పైకోర్టు కొట్టేసింది.

మరి మార్గాలేమిటి? పక్కనున్న నెవాడా కొన్ని గ్రామీణ కౌంటీల్లో లైసెన్సులిస్తుంది (లాస్ వేగస్‌లో చట్టబద్ధమనుకుంటారు చాలామంది, కాదు). స్వీడన్ 1999 నుంచి అమ్మేవారిని వదిలి కొనేవారిని శిక్షిస్తోంది. అమెరికాలో 2023లో మెయిన్ రాష్ట్రం ఆ బాట పట్టింది. న్యూజిలాండ్ 2003లో నేరం కాదని తేల్చి, కార్మిక రక్షణలూ ఇచ్చింది. అయితే తాత్కాలిక వీసాపై ఉన్నవారిని అందులోంచి తప్పించింది. అందరూ మెచ్చుకునే ఆ చట్టం కూడా మన షికాగో మహిళల్లాంటివారికి అక్కరకు రాదన్నమాట.

మన దేశంలో 1956 చట్టం వ్యభిచార గృహం నడపడాన్ని, బహిరంగంగా విటులను పిలవడాన్ని నేరమంటుంది గానీ, వయోజన మహిళ తన ఇష్టంతో చేసే పనిని నేరమనదు. పోలీసు దాడుల్లో మాత్రం ముందు దొరికేది ఆమే. 2022 మే 19న మన తెలుగువారైన జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, దాడుల్లో సెక్స్‌వర్కర్లను అరెస్టు చేయొద్దని, వేధించొద్దని, వారి ఫిర్యాదును అందరి ఫిర్యాదులాగే చూడాలని ఆదేశించింది. నాకు నచ్చింది ఆ చివరి మాటే.

‘ఇష్టం’ వెనుక ఎంత అప్పు, ఎంత బెదిరింపు ఉంటాయో హైదరాబాద్‌లో బాధితుల మధ్య పనిచేసే ప్రజ్వల లాంటి సంస్థలకు తెలుసు. అందుకే దళారులపై శిక్షలు తగ్గించాలని నేననను. కొనేవాడిని శిక్షించాలా అన్నచోట నా మనసు రెండు వైపులా లాగుతోంది. ఆడపిల్ల తండ్రిగా ‘అవును’ అనాలనిపిస్తుంది, కానీ అతడు భయపడి చాటు వెతికితే ప్రమాదంలో పడేది ఆమే. ఫిర్యాదు చేసిన మహిళను అరెస్టు చేయకూడదు, ఆమె వీసా ముట్టుకోకూడదు అన్న హామీ మాత్రం ఏ నమూనాలోనైనా మొదట రావాలి. 2000లో వచ్చిన టీ వీసా ఉంది. ఏడాదికి 5,000 మందికే, అదీ తీవ్రమైన ట్రాఫికింగ్ అని నిరూపించుకుంటేనే. ఇష్టపడే వచ్చి ఇక్కడ మోసపోయిన మనిషి ఆ గీత అవతలే ఉండిపోవచ్చు.

చట్టసభల సంగతి అలా ఉంచి, మన సంఘాలు చేయగలిగిందీ ఒకటుంది. ఆహ్వాన లేఖలు ఎవరెవరికి ఇచ్చామో లెక్క ఉంచుకుని, ప్రతి లేఖ అడుగున జాతీయ ట్రాఫికింగ్ హాట్‌లైన్ నంబరు 1-888-373-7888 అచ్చువేయాలి. అక్కడ దుబాసీల సాయంతో 200కు పైగా భాషల్లో మాట్లాడవచ్చు.