ఆర్చి వద్దు, మిషన్ కొందాం



ఈసారి చందాలతో గేటు ముందు సిమెంటు ఆర్చి కట్టి, దాతల పేర్లు రాయిద్దామని పెద్దలు కొందరు అంటున్నారు. మా మాట వేరు. ఆ డబ్బుతో టేబుల్ మీద పట్టే చిన్న సి.ఎన్.సి. మిల్లింగ్ మిషన్ కొనాలని మేము కోరుతున్నాం.

ఎందుకంటారా? ఒక చిన్న ఇత్తడి పళ్లచక్రం చేయాలనుకుందాం. మాడ్యూల్ 0.5, పళ్లు 24. రెండూ గుణిస్తే పిచ్ వ్యాసం 12 మి.మీ. పళ్లకు 2 కలిపి గుణిస్తే బయటి వ్యాసం 13 మి.మీ. 360 డిగ్రీలను 24తో భాగిస్తే 15. ఇదంతా మన హైస్కూలు లెక్కే. ఇత్తడి బిళ్లను తిరిగే ఇరుసుకు బిగించి, కట్టర్‌తో ఒక గాడి కోసి, 15 డిగ్రీలు తిప్పి మళ్లీ కోయాలి. కంప్యూటర్‌లో 15కు బదులు 15.1 కొడితే ఆ తేడా 23 సార్లు పేరుకుని చివరి పన్ను సన్నబడుతుంది. జత చక్రం సరిగా తిరగదు. అక్కడ గ్రేస్ మార్కులుండవు. ఇత్తడి ఉక్కుకన్నా సులువుగా తెగుతుంది కాబట్టి చిన్న మిషన్ చాలు.

మన మండలంలోనే కోయగూడెం ఓపెన్‌కాస్ట్ ఉంది. డంపర్లను చూస్తూ పెరిగాం. వాటి లోపలి చక్రం ఎలా తయారవుతుందో మనకెవరూ చూపలేదు. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. అయినా పి.జి.కి వచ్చాకే వెర్నియర్ కాలిపర్‌ను మొదటిసారి చేత్తో పట్టుకున్నాం. అప్పటిదాకా అది పుస్తకంలో బొమ్మే.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో బడి మానేశారు. ఆసు పోసే తల్లి చేతినొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. హైదరాబాద్‌లో ఒక యంత్రం కదలిక చూశాకే చివరి చిక్కు విడిపోయిందంటారు. తెలివి ఉన్నా కళ్లెదుట యంత్రం ఉండాలి. 2023లో హైదరాబాద్‌లో టి-వర్క్స్ ప్రారంభమైంది, మంచిదే. కానీ టేకులపల్లి తమ్ముడు అక్కడికి వెళ్లి రావాలంటే రోజంతా పోతుంది.

'ముందు బాత్రూములు బాగుచేయించండి' అంటారు. న్యాయమే, కానీ అది ప్రభుత్వం చేయాల్సిన పని, అందరం కలిసి అడిగి సాధించుకుందాం. 'వేళ్లు తెగితే ఎవరు జవాబు?' అంటారు. మిషన్‌కు అద్దాల పెట్టె, కళ్లకు అద్దాలు, గదికి తాళం ఉండాలి. ఐ.టి.ఐ. చదివిన అన్న ఒకరు ఆదివారం దగ్గరుంటేనే తాళం తీయాలి.

సభలో చందాల లెక్క తేల్చే ముందు ఈ మాట చర్చకు పెట్టండి. మిషన్ కొంటే మా వంతు చందా మొదట ఇస్తాం. మా పేర్లు ఎక్కడా రాయనక్కర్లేదు.