నవలల్లో పంక్తిభేదం

ఈమధ్య తెనాలిలో ఒక సాహిత్య సభకి వెళ్ళాను. వెళ్ళకపోయినా కొంపలేం మునగవు. కానీ బాపట్ల వెళ్ళే బండికి ఇంకా గంటన్నర టైముంది, హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అదీ సంగతి.

వక్తగారు పెద్దాయన. గొంతు బాగుంది. తెలుగులో నవల అనదగ్గవి రెండు చేతుల వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చునన్నారు. లెక్కపెట్టారు కూడా. మాలపల్లి, వేయిపడగలు, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర, చదువు, అల్పజీవి... ఇంకా నాలుగు వేళ్ళు మిగిలి ఉండగానే ఆపేసి, "తక్కినదంతా ఆడవాళ్ళు మధ్యాహ్నం కునుకు పట్టేదాకా చదువుకునే సరుకు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకూ, నేనూ కొట్టాను. చేతులకి అలవాటు. కోపం వచ్చింది మాత్రం బండెక్కాక. నిడుబ్రోలు దాటేసరికి బాగా వచ్చింది.

పాతకాలపు పెళ్ళిళ్ళలో పంక్తిభేదం అని ఒకటుండేది. పెద్దవాళ్ళ పంక్తిలో నెయ్యి ధార, చివరి పంక్తిలో నెయ్యి వాసన. విస్తరి ముందు కూర్చున్నవాడి ఆకలితో వడ్డించేవాడికి పని లేదు. నవలల దగ్గర మనం చేస్తున్నది అదే. మొదటి పంక్తిలో ఆ ఆరు నవలలు, రెండో పంక్తిలో చారిత్రకాలు, మూడో పంక్తిలో కుటుంబ గాథలు, వీధరుగు మీద డిటెక్టివులూ దయ్యాలూను. ఇంతకీ నా తగాదా నవలల తరఫున కాదు, చదివేవాళ్ళ తరఫున. పుస్తకాన్ని చివరి పంక్తిలో కూర్చోబెడితే, దాన్ని పట్టుకున్న మనిషిని కూడా అక్కడే కూర్చోబెట్టినట్టు కదా!

ఈ నాలుగు నెలల్లో నేను చదివినవి చెబుతాను. చదువు, మూడోసారి. శప్తభూమి, కొండపొలం, మొదటిసారి. శారద రాసిన మంచీ–చెడూ. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు రెండు. తులసిదళం మళ్ళీ ఒకసారి. సెక్రటరీ కూడా, డెబ్భై ఏళ్ళు దాటాక, మొట్టమొదటిసారి. ఈ ఆఖరిది ఇన్నాళ్ళూ ఎందుకు చదవలేదో తర్వాత చెబుతాను. అది కొంచెం సిగ్గుపడే వ్యవహారం.

ముందు కొండపొలం. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసింది. 2021లో సినిమా కూడా వచ్చింది. కరువు రోజుల్లో గొర్రెల్ని తోలుకుని నల్లమలకి పోయే వాళ్ళ కథ. గొర్రెకి రోగమొస్తే ఏం చెయ్యాలి, నీళ్ళెక్కడ దొరుకుతాయి, రాత్రి మంద చుట్టూ ఎలా కాపుండాలి... ఇవన్నీ తెలిసి రాసినవాడి చెయ్యి. దీన్ని మొదటి పంక్తిలోకి పిలవడానికి మన పెద్దలకేమీ అభ్యంతరం ఉండదు. సరే, ఒక్కమాట. రాత్రి పన్నెండు దాటినా నేను దీపం ఆర్పకుండా చదివిందెందుకు? గొర్రెల వైద్యం కోసమా? కాదండీ, పులి కోసం! ఆ పులి ఎప్పుడొస్తుందా, ఎవర్ని పడుతుందా అని. ఈ పని డిటెక్టివ్ యుగంధర్ నాచేత పదమూడో ఏటే చేయించాడు. యుగంధర్ చేయిస్తే చౌకబారు ఉత్కంఠ, నల్లమల పులి చేయిస్తే జీవన సంఘర్షణానా?

ఆ యుగంధర్ని సృష్టించిన కొమ్మూరి 1926లో తెనాలిలోనే పుట్టాడు. చదువు రాసిన కొడవటిగంటి కుటుంబరావు 1909లో పుట్టిందీ తెనాలిలోనే. ఒకే ఊరి కాలవనీళ్ళు. ఒకాయన పేరుతో సభలు పెడతారు, రెండో ఆయన పేరు సభలో ఎత్తితే నవ్వుతారు. నేను చదవడం నేర్చుకున్నది ఆ రెండో ఆయన దగ్గర. బళ్ళో నేర్పింది అక్షరాలు. అద్దె పుస్తకాల కొట్లో, తెల్లారేసరికి తిరిగి ఇవ్వకపోతే ఇంకోరోజు అద్దె కట్టాలన్న భయంతో, యుగంధర్ వెంటా అసిస్టెంటు రాజు వెంటా పరిగెత్తి నేర్చుకున్నది చదవడం. ఆ పరుగు రాకపోతే కాలేజీలో చదువు నవల చేతికిచ్చినప్పుడు నలభయ్యో పేజీలో కూలబడేవాణ్ణి. చాలామంది కూలబడ్డారు కూడా. కూలబడిన చోట నుంచే దాన్ని పొగుడుతుంటారు.

చదువు పొగడాల్సిన నవలే, అనుమానం లేదు. ఒక కుర్రాడి అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టి, మొదటి ప్రపంచ యుద్ధం, జాతీయోద్యమం, ఆర్థిక మాంద్యం అన్నీ వాడి పలక పక్కనుంచే నడిపించాడు. ఎక్కడా గొంతెత్తడు. మూడోసారి చదివితేగానీ, సుందరం చదువుతున్న చదువు కంటే చదవకుండా వదిలేసినదే ఎక్కువని నాకు తోచలేదు. కానీ ఈ మహానుభావుడే 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామలో పిల్లల కథల మధ్య పనిచేశాడే! ఆయనకి లేని పంక్తిభేదం ఆయన పేరు చెప్పుకునేవాళ్ళకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇక శారద. అసలు పేరు నటరాజన్. తమిళుడు. 1937లో పన్నెండేళ్ళ వాడుగా తెనాలి వచ్చాడు. హోటళ్ళలో పలహారాలు అందిస్తూ, బల్లలు తుడుస్తూ, తనది కాని భాష నేర్చుకుని ఆ భాషలో నవలలు రాశాడు. మూర్ఛ రోగం, దరిద్రం రెండూ కలిసి 1955లో, ముప్ఫై ఏళ్ళు నిండీ నిండకుండా తీసుకుపోయాయి. వక్తగారు శారద పేరు కూడా చెప్పారు, రెండు నిముషాలు కళ్ళు తుడుచుకున్నారు. బాగుంది. కానీ శారద ఎవరి కోసం రాశాడనుకుంటున్నారు? పత్రిక కొనుక్కునో అరువు తెచ్చుకునో పొయ్యి పక్కన కూర్చుని చదివేవాళ్ళ కోసం. మంచీ–చెడూలో మనుషులు తాత్త్వికంగా మాట్లాడరు, డబ్బు గురించి మాట్లాడతారు. కట్టుకథలా ఒకచోట నుంచి ఒకచోటికి దూకుతుంది, తొందర కనబడుతుంది. రాత్రి పన్నెండింటికి హోటలు కట్టేశాక రాసేవాడికి తొందర ఉండదా మరి? హోటల్లో వడ్డించేవాడు రాసిన నవలకి నివాళులు, ఇంట్లో వడ్డించే మనిషి చదివే నవలకి వెక్కిరింపులు. ఇదేం న్యాయమో నాకు తెలియదు.

అన్నీ మంచివేనని నేను అనడం లేదు. అలా అంటే ఇది పోట్లాట కాదు, పేరంటం. తులసిదళం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. 1980ల మొదట్లో అది ఇంటింటా చదివారు, నేనూ తలుపు గడియ రెండుసార్లు చూసుకుని మరీ చదివాను. అప్పట్లో దాన్ని క్షుద్ర సాహిత్యం అని తిట్టారు. నాకు ఆ తిట్టు నచ్చదు, ఎందుకంటే అది జాతి పేరు పెట్టి తిట్టడం. నా అభ్యంతరం వేరు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన దేశం మనది. అటువంటి చోట ఆ భయానికి యండమూరి అంత చక్కటి నడక నేర్పాడే, అదీ నా బాధ. చేతకానివాడు రాసి ఉంటే ఏ హానీ ఉండేది కాదు. పోతే, భయపెట్టడమే గొప్పయితే గోపీచంద్ సీతారామారావుని మించినవాడు లేడు. దయ్యం బయటినుంచి వస్తే గడియ పెట్టుకోవచ్చు. అసమర్థుడు లోపలే ఉంటాడు.

శప్తభూమి గురించి ఒక్క ముక్క. బండి నారాయణస్వామికి 2019లో సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చింది. చారిత్రక నవల అంటే రాకుమార్తె, ఉద్యానవనం, పావురం అని మా చిన్నప్పటి లెక్క. ఇది అనంతపురం సీమ, పాలెగాళ్ళ కాలం. కోటలో కంటే కోట బయట ఎక్కువ తిరుగుతుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో కాగితం మీద రాసుకుని చదివాను. ఆ శ్రమకి ఫలితం దక్కింది.

ఇక సిగ్గుపడే వ్యవహారం.

మా అక్కయ్యని రేపల్లె ఇచ్చారు. నేను బాపట్లలో చదువుకునే రోజుల్లో సెలవలకి తెనాలిలో బండి మారి రేపల్లె వెళ్ళేవాణ్ణి. వేమూరు, భట్టిప్రోలు మీదుగా ఆ బండి తాపీగా పోయేది. ఒక నవల సగం అయ్యేది. అక్కయ్య ఇంట్లో వారపత్రికలు, యద్దనపూడి సులోచనారాణి నవలలూ ఉండేవి. నేనప్పుడు మహా మేధావిని. "కారూ, మేడా, ఆరడుగుల రాజశేఖరం... ఏమిటే ఈ కలలు?" అని వెక్కిరించేవాణ్ణి. చదివి వెక్కిరించలేదు, అట్ట చూసి వెక్కిరించాను. దాన్ని బాగుచేద్దామని ఒకసారి చివరకు మిగిలేది పట్టుకెళ్ళి ఇచ్చాను. నాలుగు రోజుల్లో చదివేసింది.

"ఎలా ఉంది?" అన్నాను, పరీక్ష పెట్టే మాస్టారిలాగా.

"బాగుందిరా. భాష బాగుంది. కానీ ఇంతమంది ఆడవాళ్ళు ఆయన్ని కనిపెట్టుకునుంటే, ఒక్కపూట ఎవరికైనా తను కాఫీ పెట్టి ఇద్దామని ఆ దయానిధికి తోచలేదేం?"

"డాక్టరు కదే, ఎంతమందికి వైద్యం చేశాడు!"

"వైద్యం ఉద్యోగం. నేనడిగింది కాఫీ" అంది.

ఆ నవల మీద నేను చాలా వ్యాసాలు చదివాను. ఈ ప్రశ్న వేసినవాళ్ళని చూడలేదు. దానికి జవాబు ఉందో లేదో అటుంచండి, అడగడానికి వంటింట్లోనుంచి చూసే కన్ను కావాలి. మరి ఆ కన్నుకి పదును పెట్టిందేది? ఆ వారపత్రికలే కదా!

అప్పుడు నాకది ఎగతాళిగా తోచింది. ఉడుకుమోత్తనం వచ్చింది. మర్నాడు పచారీ కొట్టుకి వెళుతూ అది దాచుకున్న వారపత్రికల కట్టలో చేతికందినన్ని లాగి పట్టుకెళ్ళి పొట్లాలకి ఇచ్చేశాను. తెలిశాక అక్కయ్య ఒక్కమాట అనలేదు. బావగారి ముందు అసలే అనలేదు. కానీ అప్పణ్ణుంచి తను ఏం చదువుతున్నదీ నాతో చెప్పడం మానేసింది. యాభై ఏళ్ళు నేను సాహిత్య సభలకి వెళ్ళాను. నాకు తెలిసిన మంచి పాఠకురాలు పాసింజరు బండి దూరంలోనే ఉండి, నాతో పప్పూ ఉప్పూ ధరలు మాట్లాడింది.

అక్కయ్య పోయాక దాని మనవరాలు అటక మీది పెట్టె దించింది. సీరియళ్ళు వారం వారం కత్తిరించి, దబ్బనంతో కుట్టి, అట్టలు వేసి ఉన్నాయి. 1977 నవంబరు తుపానులో తడిసి ఆరిన మరకలు ఇంకా ఉన్నాయి. ఆ కట్టల్లో ఏ పంక్తీ లేదు. కుటుంబ గాథ వెనక డిటెక్టివు, దాని వెనక అనువాద నవల, అన్నీ ఒకే దారంతో కుట్టింది. సెక్రటరీ పుస్తకమూ అందులోనే దొరికింది. చదివాను. రాజశేఖరం నాకు ఇప్పటికీ నచ్చలేదు. అంత డబ్బున్నవాడు మంచివాడైతేనే ఆడపిల్లకి న్యాయం జరుగుతుందంటే నేనొప్పుకోను. కానీ జయంతి! ఆఫీసుకి వెళ్ళి, జీతం తెచ్చుకుని, డబ్బున్న మగవాడి ఎదుట తల దించకుండా నిలబడిన పిల్ల. 1960లలో గడప దాటని మా అక్కయ్యలాంటి వాళ్ళు కళ్ళెత్తి చూసింది మేడని కాదేమో, ఆ నిలబడ్డాన్నేమో. అడిగి తెలుసుకుందామంటే మనిషి లేదు.

మనవరాలు ఆ కట్టల్లో ఒక సీరియలు పట్టుకుని బాపట్ల వచ్చింది. నవల పేరు చెప్పను. చెబితే అది ఏ పంక్తిదని అడుగుతారు.

"తాతయ్యా, ఇందులో చివరి నాలుగు వారాలూ లేవు. అమ్మమ్మ అన్నీ దాచింది, ఇవే ఎందుకు దాచలేదు?" అంది.

ఏం చెప్పను? నెమ్మదిగా జరిగింది చెప్పాను. అదీ వాళ్ళమ్మమ్మలాగే ఏమీ అనలేదు. కాసేపు కాగితాలు తిరగేసి, "అయితే ఎలా అయిందో అమ్మమ్మకి కూడా తెలీదన్నమాట" అంది.

వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు భద్రంగా దాచి ఉంచారు. 1918 నుంచీ ఉన్న గ్రంథాలయం అది, మాకు దగ్గరే. వచ్చేవారం వెళ్ళి వెతుకుదామనుకుంటున్నాను. పిల్ల కూడా వస్తానంది. ముందుగా నాకు దొరికితే కథ చెప్పెయ్యనని నాచేత ఒట్టు వేయించుకుంది.