తల్లివేరు లేని వంశవృక్షం

హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే బార్కస్ పేరులోనే దాని చరిత్ర ఉంది. సిపాయిల ‘బ్యారక్స్’ జనం నోట బార్కస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన అరబ్బుల వారసులు నేటికీ అక్కడున్నారు. వాళ్లను పాతబస్తీ చావుష్‌లంటుంది. అది తురుష్క సైన్యంలోని ఒక హోదా పేరు. తండ్రి, తాత, ముత్తాతలను ‘బిన్’ అనే మాటతో గొలుసుకట్టుగా చెప్పుకునే ఆచారం వల్ల వీరి వంశవృక్షం గీయడం తేలికనిపిస్తుంది. చిక్కు అక్కడే ఉంది. సముద్రం దాటి వచ్చినవారిలో ఎక్కువమంది మగవాళ్లు. వారిలో చాలామంది పెళ్లాడింది దక్కను స్త్రీలను. ‘బిన్’ల గొలుసులో ఆ తల్లుల పేర్లు ఉండవు. అంటే మనం గీసేది సగం చెట్టే.

వంశం తండ్రిదే కదా, ఆచారాన్ని తప్పుపట్టడమెందుకని అడగవచ్చు. ఆచారం వారసత్వానికి లెక్క చెబుతుంది, జీవితానికి కాదు. పిల్లలకు దక్కనీ నేర్పింది తల్లులే. పూర్వీకుల చరిత్రను తవ్వితే ‘పరాయివాళ్లు’ అన్న ముద్ర పడుతుందన్న భయమూ ఉంది. 1948 పోలీసు చర్య తర్వాత ఎందరో అరబ్బులను దేశం దాటించారు కనుక ఆ భయం ఉత్తదేమీ కాదు. అయితే దానికి జవాబు మౌనం కాదు, నిండు చెట్టు. తల్లుల పేర్లూ చేరిన కాగితం మీద హద్రమౌత్ ఒక వేరు, దక్కను మరో వేరు. నికానామాలూ సమాధి రాళ్లూ పెద్దల జ్ఞాపకాలూ చెరిగిపోకముందే ఆ రెండో వేరునూ రాసుకోవాలి.

– సంపాదకుడు